వీణ వెనక వినిపించే ఆ మోత ఎవరిది?

ప్రశ్న: కాకినాడలో మా ఇంట్లోనే వీణ నేర్పుతాను. అమెరికాలో ఉన్న ముగ్గురు పిల్లల కోసం పాఠాలు రికార్డు చేసి పంపడం ఈమధ్యే మొదలుపెట్టాను. వీణ ముందు ఒక కండెన్సర్ మైకు, కుండకు అంటించిన పికప్ (కుండ అదురును పట్టుకునే చిన్న బిళ్ల) ఒకటి. రెండూ చిన్న సౌండ్ కార్డు ద్వారా ల్యాప్‌టాప్‌లోకి వెళ్తాయి. వాయిస్తున్నంతసేపు ఇబ్బంది తెలియదు. చేయి ఆపితే చాలు, వెనక ‘జుమ్’మని ఒక మోత, దాని మీద సన్నని బుస. పికప్ జాక్‌ను చేత్తో పట్టుకుంటే మోత తగ్గుతుంది. ల్యాప్‌టాప్ అంచు తగిలినప్పుడు వేలికి చురుక్కుమంటుంది కూడా. ఇవి చాలవన్నట్టు మధ్యస్థాయి పంచమం దగ్గర మాత్రం ‘గర్ర్’మంటుంది. సాఫ్ట్‌వేర్‌తో శబ్దం తీసేస్తే వీణ నీళ్లలో మునిగినట్టు వినిపిస్తోంది. మా అన్నయ్య కొడుకు ఖరీదైన మైకు కొనమంటున్నాడు. కొనమంటారా? నా వీణ మూడు శ్రుతి.
– ఒక వీణ టీచరు

సమాధానం: టీచరుగారూ, ఇప్పుడే కొనకండి. మైకు ఎంత మంచిదైతే గదిలో ఉన్నదాన్ని అంత బాగా వింటుంది. మీ ఇంట్లో ఉన్న మోత ఖరీదైన మైకులో ఖరీదైన మోతగా వినిపిస్తుంది, అంతే.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. చాలామంది ‘ఏదో డిస్టర్బెన్స్ వస్తోంది’ అని రాసి ఊరుకుంటారు. మీరు జుమ్, బుస, గర్ర్ అని మూడింటినీ విడదీసి చెప్పారు. చెవి ఉన్నవాళ్లు చేసే పని అది. ఆ మూడూ ముగ్గురు వేర్వేరు దొంగలు. ఒకరు కరెంటు తీగల్లోంచి వస్తారు, ఒకరు గాలిలోంచో మైకులోంచో వస్తారు, మూడోవాడు బహుశా మీ వీణ మీదే కూర్చుని ఉన్నాడు. ముగ్గురినీ ఒకే వలతో పట్టబోయారు కాబట్టే ఆ సాఫ్ట్‌వేర్ వీణను కూడా కలిపి ముంచేసింది.

ముందుగా ఒక నిమిషం పాటు మౌనాన్ని రికార్డు చేయండి. వీణ ఒడిలోనే ఉండాలి, చేయి మాత్రం కదలకూడదు, ఫ్యాను, లైట్లు, చార్జరు రోజూ పాఠం చెప్పేటప్పుడు ఎలా ఉంటాయో అలాగే ఉండాలి. మైకు ఒక ట్రాకులో, పికప్ ఇంకో ట్రాకులో పడేలా చూడండి. తరువాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కొక్క ట్రాకునే వినండి. ల్యాప్‌టాప్ స్పీకర్లలో వింటే లాభం లేదు, వాటికి 50 హెర్ట్జ్ మోత పలికే శక్తే ఉండదు. నా అంచనా ప్రకారం మీ జుమ్ పికప్ ట్రాకులోనే ఎక్కువగా ఉంటుంది. మైకు ట్రాకులో తక్కువ ఉండటానికి కారణం దాని మూడు పిన్నుల కేబుల్. అందులో సంకేతం రెండు తీగల మీద ఒకదానికొకటి తలకిందులుగా ప్రయాణిస్తుంది. దారిలో రెండింటి మీదా సమానంగా పడిన మోత చివర్లో తీసివేతలో పోతుంది. పికప్ నుంచి వచ్చే మామూలు జాక్ కేబుల్‌కు ఆ సౌకర్యం లేదు.

జుమ్ సంగతి మీ ఉత్తరమే సగం చెప్పేసింది. జాక్ పట్టుకుంటే మోత తగ్గుతోందంటే, ఆ క్షణంలో నేల మీద కూర్చున్న మీరే ఎర్తింగు తీగ అవుతున్నారన్నమాట. చురుక్కుమనడం కూడా అదే కథ. రెండు పిన్నుల చార్జర్లలో ఉండే చిన్న కెపాసిటర్ల గుండా మెయిన్స్ నుంచి అతి కొద్ది కరెంటు ల్యాప్‌టాప్ లోహపు ఒంటికి చేరుతుంది. నేలకు పోయే దారి లేక అక్కడే నిలబడి, మన వేలు తగిలితే వేలి గుండా, కేబుల్ దొరికితే కేబుల్ గుండా దిగిపోవాలని చూస్తుంది. ఇది నిజమో కాదో తేలడానికి అర నిమిషం చాలు. ల్యాప్‌టాప్ చార్జరును గోడ నుంచి తీసేసి బ్యాటరీ మీద మళ్లీ ఒక నిమిషం మౌనం రికార్డు చేయండి. మోత మాయమైతే దొంగ దొరికినట్టే.

దొరికాక ఏం చేయాలి? రికార్డింగు అంతా బ్యాటరీ మీద కానివ్వడం సులువైన మార్గం. ఒక్క పాఠం పూర్తయ్యేదాకే కదా. శాశ్వతంగా కావాలంటే మూడు పిన్నుల చార్జరు, దాన్ని పెట్టే సాకెట్‌లో నిజమైన ఎర్తింగు ఉండాలి. ‘నిజమైన’ అని ఎందుకు అంటున్నానంటే, పాత ఇళ్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది కానీ దాని వెనక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపించండి. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన పాత ఎర్తింగు గొయ్యి అయితే వేసవిలో ఎండిపోయి పని మానేస్తుంది, బకెట్ నీళ్లు పోయాల్సి వస్తుంది. చురుకు మామూలు కంటే గట్టిగా తగులుతుంటే మాత్రం అది చార్జరు పాడైన లక్షణం కూడా కావచ్చు. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా దాన్ని వాడకండి. ఇంకో మాట: మోత పోతుందని ఎవరైనా మూడో పిన్ను విరిచేయమంటే వినకండి. కొన్నిసార్లు మోత నిజంగానే పోతుంది, దానితోపాటు మీకు ఉన్న రక్షణ కూడా పోతుంది.

ల్యాప్‌టాప్, సౌండ్ కార్డు, శ్రుతి పెట్టె అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టండి. ఒకటి ఈ గోడకు, ఇంకొకటి ఆ గోడకు పెడితే, నేలకు పోయే దారులు రెండై, మధ్యలో కేబుళ్లతో ఒక చుట్టు ఏర్పడి, ఆ చుట్టులో మెయిన్స్ మోత తిరుగుతూ ఉంటుంది.

బ్యాటరీ మీద పెట్టినా మోత పోలేదనుకోండి, అప్పుడు అసలైన వేట మొదలవుతుంది. ఇంట్లో ఒక్కొక్క స్విచ్చు ఆపుతూ, ఆపినప్పుడల్లా ‘ఇప్పుడు ట్యూబులైటు’, ‘ఇప్పుడు ఫ్యాను’ అని మైకులోనే పలుకుతూ, ఒకే రికార్డింగు సాగనివ్వండి. తరువాత వింటే ఏ మాట తరువాత మోత తగ్గిందో తెలిసిపోతుంది. పాత కాలపు గుండ్రటి రెగ్యులేటర్లలో, నాబ్ తిప్పితే వేగం సాఫీగా మారే రకం, కరెంటు తరంగాన్ని మధ్యలో కోసి పంపుతాయి. ఆ కోతకు పుట్టే గరగర ఇంటి వైరింగంతా పాకుతుంది. మెట్లు మెట్లుగా మారే కెపాసిటర్ రకంలో ఈ బాధ లేదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఫ్యాను గొంతు మారితే మీది చదరపు తరంగం ఇచ్చే ఇన్వర్టర్ అయి ఉండవచ్చు. ఆ సమయంలో రికార్డింగు పెట్టుకోకండి.

నేను ఈ వేటలో ఒకసారి బాగా నవ్వులపాలయ్యాను. మా అమ్మ పాడే మంగళహారతులు రికార్డు చేద్దామని కూర్చుంటే, సన్నని ‘జర్ర్’ ఒకటి వెంటపడింది. కేబుల్ అనుకుని రెండు కొత్త కేబుళ్లు కొన్నాను. సౌండ్ కార్డు అనుకుని స్నేహితుడిది అరువు తెచ్చాను. అన్ని గదుల్లో అన్నీ ఆపాను. నాలుగో రోజు కరెంటు పోయింది, జర్ర్ కూడా పోయింది. వచ్చాక ఇద్దరూ కలిసి వచ్చారు. చివరికి చూస్తే అది పక్క పూజగదిలో వేంకటేశ్వరస్వామి పటం చుట్టూ రాత్రింబవళ్లు వెలిగే చిన్న దీపాల దండ. దాని నాసిరకం అడాప్టరు చేసే పని అది. దేవుడి దీపం కదా అని అన్నీ ఆపినవాణ్ణి దాని జోలికి మాత్రం పోలేదు. మీరు అలాంటి మొహమాటం పెట్టుకోకండి.

చెవితో తేలనప్పుడు కంటితో చూడవచ్చు. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో ఆ మౌనం ముక్కను ఎంచుకుని స్పెక్ట్రమ్ (ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ) గీయమనండి. సైజు 16384 లేదా అంతకంటే ఎక్కువ పెట్టాలి, తక్కువైతే 50కీ 60కీ తేడా కనిపించదు. మన మెయిన్స్ 50 హెర్ట్జ్ కాబట్టి 50, 100, 150, 200 దగ్గర ముళ్లు లేచి ఉంటే కరెంటు సంబంధమే. 1000 దగ్గర ఒంటరి ముల్లు, సన్నని కీచు అయితే యూఎస్‌బీ తీగను అనుమానించండి, ల్యాప్‌టాప్‌కు ఇంకో వైపున్న రంధ్రంలో పెట్టి చూడండి. ఉండి ఉండి ‘డిట్ డిట్ డిట్’ అంటే పక్కనున్న ఫోను.

ఇక్కడ సంగీతం తెలిసిన మీకు మాత్రమే చెప్పగలిగిన సంగతి ఒకటుంది. మీది మూడు శ్రుతి అన్నారు. అంటే సారణి (మొదటి తీగ) మీద షడ్జం సుమారు 165 హెర్ట్జ్, మంద్ర షడ్జం 82, అనుమంద్ర పంచమం 62. ఇప్పుడు మెయిన్స్ ముళ్లను ఈ కొలబద్ద మీద పెట్టి చూడండి. 100 హెర్ట్జ్ మీ మంద్రస్థాయి సాధారణ గాంధారానికి ఒక్క పిసరు పైన పడుతుంది. 150 కైశికి నిషాదానికి పిసరు పైన. 200 మళ్లీ గాంధారమే. అంటే మీ ఇంటి కరెంటు ఇరవై నాలుగు గంటలూ మీ శ్రుతిలోనే, కాస్త అపశ్రుతిగా, గాంధార నిషాదాలు పట్టుకుని కూర్చుంది! సాఫ్ట్‌వేర్‌తో ఆ ముళ్లను కోసేస్తే ఏమవుతుందో మీరే ఊహించండి. తోడిలో మంద్ర గాంధారాన్ని ఊపినప్పుడు గమకం ఆ 100 మీదుగా వెళ్లి వచ్చిన ప్రతిసారీ అక్కడొక గుంట పడుతుంది. 50 దగ్గర ఒక్క సన్నని కోత పెడితే నష్టం లేదు, మీ వీణకు అక్కడ స్వరమే లేదు. కానీ మైకు మీద ఉండే, కింది నాదాలను కోసేసే ‘లో కట్’ స్విచ్చు జోలికి వెళ్లేముందు అది ఎక్కడ కోస్తుందో చూడండి. చాలా మైకుల్లో అది 80 దగ్గరో 100 దగ్గరో మొదలవుతుంది. మాట్లాడేవాళ్లకు అది వరం. మీకు అనుమంద్ర తీగ నాదం సగం పోతుంది.

(అమెరికా పిల్లలు తిరిగి పంపే రికార్డింగుల్లో మోత ఉంటే గమనించండి. అక్కడి మెయిన్స్ 60 హెర్ట్జ్. మీ అనుమంద్ర పంచమానికి అర మెట్టు అటూఇటుగా కింద వినిపిస్తుంది. ఎవరింటి మోతో మీ చెవే చెప్పేస్తుంది.)

ఇక బుస. దీనికి మూలం గాలిలో ఉందా, మైకులో ఉందా అన్నది మొదటి ప్రశ్న. మైకును మందపాటి బొంతలో రెండు మడతలు చుట్టి ఒక నిమిషం రికార్డు చేయండి. బుస తగ్గితే అది గదిలోది: ఫ్యాను, ఫ్రిజ్, కిటికీ అవతలి రోడ్డు. తగ్గకపోతే అది మైకుదో సౌండ్ కార్డుదో. చీరల మధ్య పెడదామని ఇనప బీరువాలో మాత్రం పెట్టకండి. ఇనుము గాలి శబ్దంతోపాటు కరెంటు మోతను కూడా కొంత అడ్డుకుంటుంది, ఎవరు తగ్గారో తెలియక మళ్లీ మొదటికి వస్తారు.

మైకులో బుస పూర్తిగా లేకుండా ఎవరూ చేయలేరు. తీగలో ఎలక్ట్రాన్లు వేడికి కదులుతూనే ఉంటాయి, ఆ కదలికే బుస. 1928లో అమెరికాలోని బెల్ ల్యాబొరేటరీస్‌లో జాన్సన్ దాన్ని కొలిచి, నైక్విస్ట్ లెక్క కట్టి చూపించారు. మనం చేయగలిగింది వీణను బుస కంటే చాలా ఎత్తున ఉంచడం. దానికి డబ్బు అక్కర్లేదు, మైకును దగ్గరకు జరపాలి. మైకు దూరం సగమైతే వీణ నుంచి నేరుగా వచ్చే నాదం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గజం దూరం నుంచి మూరకు జరిపితే ఒక 6, మూర నుంచి జానకు జరిపితే ఇంకో 6. ఆ మేరకు గెయిన్ (సౌండ్ కార్డులో సంకేతాన్ని పెంచే నాబ్) తగ్గించుకోవచ్చు, ఫ్యాను, బుస రెండూ అంత వెనక్కి వెళ్తాయి. జాన మరీ దగ్గర, మెట్ల మీద వేళ్ల రాపిడి, మీటు చప్పుడు ముందుకొస్తాయి. మూర దూరంలో, కుండ వైపు కొద్దిగా పైనుంచి చూసేలా పెట్టి మొదలుపెట్టండి. మైకు వీపు ఫ్యాను వైపో కిటికీ వైపో ఉండాలి. మీ మైకు కార్డియాయిడ్ రకమైతే వెనక వైపు దానికి దాదాపు చెవుడే.

రికార్డింగు 24 బిట్లలో పెట్టి, గట్టిగా మీటినప్పుడు మీటరు మైనస్ 12 దగ్గర ఆగేలా చూసుకోండి. ఎర్ర గీత దాకా నింపాలన్న తాపత్రయం అనవసరం. ఇవన్నీ చేశాక కూడా బుస ఇబ్బంది పెడితే, అప్పుడు మీ అన్నయ్యగారి అబ్బాయి మాట వినవచ్చు. మైకు పెట్టె మీద ‘సెల్ఫ్ నాయిస్’ అని డెసిబెల్స్‌లో ఒక అంకె ఉంటుంది. అది 10 కంటే తక్కువైతే చాలా నిశ్శబ్దమైన మైకు, 20 దాటితే వీణలాంటి మెత్తని వాద్యానికి పనికిరాదు. ధర చూసి కాకుండా ఆ అంకె చూసి కొనండి.

పికప్ ట్రాకులో కూడా బుస ఉంటే ఒకటి చూడండి. దాన్ని సౌండ్ కార్డులో ఏ ఇన్‌పుట్‌కు పెట్టారు? గిటార్ బొమ్మో, ‘ఇన్‌స్ట్రుమెంట్’ అన్న బొత్తామో ఉన్నదానికే పెట్టాలి. అంటించే పికప్‌కు సుమారు పది లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ కావాలి. మైకు ఇన్‌పుట్‌కు పెడితే నాదం పలచబడి, మీరు గెయిన్ పెంచి, బుస పెంచుకున్నట్టవుతుంది. ఇక ఏ కేబుల్ పీకినా ముందు గెయిన్ తగ్గించి, మైకుదైతే దానికి కరెంటు అందించే 48 వోల్టుల స్విచ్చు ఆపి, హెడ్‌ఫోన్స్ తీసేసి పీకండి. ఆ ‘ఠప్’ చెవులకు మంచిది కాదు.

కాకినాడ ఎండల్లో ఫ్యాను ఆపమనడం తేలిక, చేయడం కష్టం, తెలుసు. పాఠాన్ని నాలుగేసి నిమిషాల ముక్కలు చేసుకుని, మధ్యలో ఫ్యాను వేసుకోండి. ఫ్రిజ్ ఆపితే బండి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి వెళ్లేముందైనా గుర్తొస్తుంది, పాలు విరగవు.

మూడోది, పంచమం దగ్గరి ‘గర్ర్’. ఇది వైర్లదీ కాదు, మైకుదీ కాదని దాదాపు ఖాయంగా చెప్పగలను. ఏ పరికరానికీ ఒక్క స్వరం మీద పగ ఉండదు. ఎక్కడో ఒక వదులైన వస్తువు ఆ పంచమానికి, అంటే సుమారు 247 హెర్ట్జ్‌కు, పలుకుతోంది. రోజూ మీకు వినపడకపోవడానికి కారణం, మీ చెవి వీణకు పైన ఉంటుంది, మైకు ఎదురుగా ఉంటుంది. ఒక పరీక్ష చేయండి. సారణి మీద ఏడో మెట్టు దగ్గర పంచమం మీటండి. తరువాత అదే పంచమాన్ని పంచమం తీగ మీద పన్నెండో మెట్టు దగ్గర మీటండి. స్వరం అదే, మెట్టు వేరు. రెండుచోట్లా గర్ర్‌మంటే ఏదో వస్తువు ఆ స్వరానికి అదురుతోంది. ఏడో మెట్టు దగ్గరే గర్ర్‌మంటే తప్పు మెట్టుది: ఎండకు మైనం మెత్తబడి మెట్టు ఒక పిసరు కుంగి ఉంటుంది, తీగ పక్క మెట్టుకు తగులుతూ ఉంటుంది. అది వీణ చేసేవాళ్లే సరిచేయాలి, మీరు మైనం కరిగించే సాహసం చేయకండి.

వస్తువే అయితే శిష్యురాలిని పక్కన కూర్చోబెట్టుకుని, మీరు ఆగకుండా పంచమం మీటుతుంటే ఆ అమ్మాయి ఒక్కొక్కటే వేలితో నొక్కుతూ రావాలి. ముందుగా వీణ దండి కింద ఉండే బుర్రను బిగించే మర, ఆ తరువాత బిరడాలు, పికప్ తీగ కుండకు తాకుతున్న చోటు, మైకు స్టాండు మరలు, మీ గాజులు. తరువాత గది: గోడ మీది పటాల అద్దాలు, కిటికీ రెక్క, వంటింట్లో స్టాండు మీద నిలబెట్టిన స్టీలు పళ్లాలు. నేనైతే బుర్ర మరతో మొదలుపెట్టి, పళ్లాల దగ్గర పందెం కాస్తాను.

ఇప్పటికే పంపేసిన పాఠాల సంగతి అడగలేదు కానీ, వాటిని మళ్లీ రికార్డు చేయక్కర్లేదు. శబ్దం తగ్గించే సదుపాయాన్ని 6 డెసిబెల్స్ మించకుండా ఒక్కసారే వాడండి. అది మౌనంలో విన్న మోతను గుర్తు పెట్టుకుని, ప్రతి పౌనఃపున్యం దగ్గరా అంతకంటే కిందికి దిగిన శబ్దాన్ని నొక్కేస్తుంది. మీటిన నాదం కరిగిపోతూ ఆ మట్టానికి దిగగానే, మోత అనుకుని దాన్నీ నొక్కేస్తుంది. మీరు విన్న నీళ్ల చప్పుడు అదే. వీణకు ఆ కరిగే చివరే ప్రాణం కాబట్టి, నొక్కుడు ఎంత తక్కువైతే అంత మేలు. మిగిలిన కాస్త మోత శ్రుతి పెట్టె కింద దాక్కుంటుంది. పిల్లలకు అది వినపడదు, వాళ్లు మీ ఎడమ చేయి ఎలా కదులుతోందో పట్టుకునే పనిలో ఉంటారు.